కేరియర్ గిన్నెలో ఎనిమిది పేజీలు

డెబ్భైల చివర్లో నేను ఎలమంచిలి నుంచి రోజూ పాసింజరు రైల్లో విశాఖపట్నం వెళ్లి యూనివర్సిటీలో ఎం.ఏ. చదివేవాణ్ణి. మా పేపరుకు కావలసిన పుస్తకం లైబ్రరీలో ఒకే ఒక్క కాపీ ఉండేది. దాన్ని ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చదవాలి. హాస్టల్ వాళ్లు పొద్దుపోయేదాకా చదువుకునేవారు. సాయంత్రం రైలుకి పరిగెత్తే మాలాంటి వాళ్లకు ఆ అదృష్టం లేదు.

పరీక్షకు రెండు రోజుల ముందు పుస్తకం నా వంతుకొచ్చింది. తెరిచి చూస్తే అసలైన ఎనిమిది పేజీలు బ్లేడుతో కోసేసి ఉన్నాయి. ఒళ్లు మండిపోయింది. "ఇలాంటి వెధవలకి చదువెందుకండీ!" అని హాలంతా వినబడేలా అరిచాను. నా తర్వాత వంతు కోసం నిలబడ్డ అమ్మాయి ఆ పుస్తకం చూసి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రం రైల్లో నా పక్కన కూర్చున్న క్లాస్‌మేట్, మా ఊరి అప్పలనాయుడు, టిఫిన్ కేరియర్ మూత తీశాడు. ఎండు చేపల కంపు గుప్పుమంది. ఖాళీ గిన్నెలో మడతపెట్టి, నూనె మరకలతో అవే పేజీలు!

"ఛీ! నువ్వా?"

"నీకోసమే బావా! రైలుకి టైమైపోతంది, సదవలేకపోతన్నానని నిన్న నువ్వే కదేటి గోలెట్టినావు?"

"రేపు పట్టుకెళ్లి ఇచ్చెయ్" అన్నాను.

"ఇచ్చెత్తే నన్ను కాలేజీలో ఉంచుతారేటి?"

ఆ పేజీలు కోసినవాడంటే నాకెంత అసహ్యమో ఇన్నేళ్లుగా అందరికీ చెబుతూనే ఉన్నాను. ఎలమంచిలి వచ్చేలోపు ముక్కు మూసుకుని ఆ ఎనిమిదీ చదివేశానని మాత్రం ఇవాళే చెబుతున్నాను.