వరుసలో సందు వదలని మనిషి

పరీక్ష హాల్లో నిశ్శబ్దం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఫ్యాను కిర్రుమంటుంది, కాగితాలు తిరుగుతాయి, ఎవడో ఒకడు ముక్కు ఎగబీలుస్తాడు, అంతే. నిన్న అలాంటి నిశ్శబ్దంలో, పదో తరగతి పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటున్న వేళ, నా కడుపు ఎడమ పక్క నుంచి పెద్ద చప్పుడు వచ్చింది. బుడబుడమని మొదలై, పాతగుడ్డ చింపినట్టు బర్రున సాగింది. ముందు బెంచీలో ఇద్దరు ఆడపిల్లల భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నాతోపాటు ఆ హాలు చూస్తున్న కుర్ర మాస్టరు, మా బడికి కొత్తగా వచ్చినాయన, కిటికీ రెక్క సర్దే నెపంతో లేచి తన కుర్చీని అవతలికి జరుపుకున్నాడు. నేను కొంగు సర్దుకోలేదు. దొంగ దగ్గు దగ్గలేదు. "దానికి నోరుంది, సిగ్గు లేదు. మీరు రాసుకోండి" అన్నాను. పిల్లలు ఫక్కున నవ్వి మళ్ళీ రాతలో పడ్డారు. ఆ మాట నాది కాదు, మస్తాన్ మాస్టరుది. ఆయన బడి మాస్టరు కాదు, టైలరు మాస్టరు. ఇప్పుడు లేడు.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఆయన సంగతి అర్థం కాదు. కొన్నేళ్ళ కిందట నా పెద్దపేగులో గడ్డ లేచింది. నెల్లూరులో ఆపరేషను చేసి ఆ ముక్క కోసేశారు. మిగిలిన పేగు కొసను పొట్ట మీద ఎడమ పక్క బయటికి తెచ్చి కుట్టారు. దాని మీద ఒక సంచి అతికించుకోవాలి. మలమైనా గాలైనా ఇక ఆ దారినే. అందరికీ గాలిని బిగబట్టుకునే కండరం ఒకటి ఉంటుంది. బయటికి తెచ్చిన పేగుకు అది ఉండదు. గాలి వచ్చినప్పుడు వస్తుంది, మనల్ని అడిగి రాదు. అయితే ఆపరేషనైన కొత్తలో అది రానే రాలేదు. కడుపు ఉబ్బి డోలులా బిగుసుకుపోయింది. డాక్టరు పొద్దునా సాయంత్రమూ వచ్చి "గాలి వచ్చిందా అమ్మా?" అని అడిగేవారు. లేదంటే చిన్నబుచ్చుకునేవారు. పేగు మళ్ళీ పని మొదలుపెట్టిందనడానికి అదే గుర్తట. నర్సమ్మ నన్ను పట్టుకుని వరండా అంతా నడిపించేది. ఒకనాటి పొద్దున సంచి బూరలా ఉబ్బింది. నర్సమ్మ కేకేసింది, పక్క మంచం ఆవిడ చేతులు జోడించింది, మా ఆయన ప్రభుదాసు కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్క గాలికి అంత పండగ చేసుకున్న మనుషులను నేను ఇంకెక్కడా చూడలేదు.

తీరా అల్లూరులో మా ఇంటికి వచ్చేసరికి అదే గాలి పరువు తక్కువ పని అయిపోయింది. చుట్టాలు చూడ్డానికి వస్తే ప్రభుదాసు టీవీ శబ్దం పెంచేవాడు. కడుపుబ్బరానికి మంచిదని మా అత్తగారు సోడాలో నిమ్మకాయ పిండి తాగించింది. పాపం, ప్రేమతోనే. ఆ సోడాలో గాలంతా సంచిలో చేరి, సంచి ఒక పక్క ఊడి, కట్టుకున్న చీర, పరిచిన దుప్పటి అన్నీ ఉతుక్కోవలసి వచ్చింది. ఆదివారం చర్చికి పోవడం మానేశాను. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకునే ఆ నిమిషాన్ని తలచుకుంటేనే చెమటలు పట్టేవి. ఇక బడి మాటేమిటి? ఎనిమిదో తరగతి పిల్లల ముందు నిలబడి తెలుగు పాఠం చెప్పాలి. ప్రభుదాసు ఎవరెవరినో పట్టుకుని నన్ను విద్యాశాఖ ఆఫీసులో వేయించే ప్రయత్నం మొదలుపెట్టాడు. "మూల గది ఒకటి ఉంది. ఫైళ్ళు చూసుకోవడమే. నీ జోలికి ఎవరూ రారు" అన్నాడు. హెడ్మాస్టరు కూడా అదే మేలన్నారు. అందరూ మంచివాళ్ళే. ఆ మంచివాళ్ళంతా కలిసి నన్ను ఎంతో ప్రేమగా ఒక మూలకు నెడుతున్నారు. పాఠం చెప్పడం తప్ప నాకు మరో పని రాదు, మరో పని మీద ఇష్టమూ లేదు. ఒళ్ళు మండుతూనే సరేనన్నాను.

మస్తాన్ మాస్టరు దుకాణం మా ఇంటి గోడను ఆనుకునే ఉండేది. మహా టెక్కు మనిషి. కళ్ళకు సుర్మా, చెవిలో అత్తరు దూది, మోకాళ్ళ దాకా వదులుగా వేలాడే తెల్ల జుబ్బా. ఆ జుబ్బా ఆయన షోకు అనుకునేవాళ్ళం. గుండీ కాజా బాగా రాలేదని పెళ్ళికొడుకు తొడుక్కున్న చొక్కాను విప్పించి మళ్ళీ కుట్టి పంపిన మనిషి. పనివాళ్ళను, బేరమాడేవాళ్ళను, కరెంటు వాళ్ళను ఒకే గొంతుతో తిట్టేవాడు. అలాంటాయన ఒక మధ్యాహ్నం భార్య ఖాసింబీని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చోకముందే అడిగాడు.

"టీచరమ్మా, లంగా బొందు యాడ కడతా ఉండావు?"

నేను బిత్తరపోయాను. మా అత్తగారు చటుక్కున వంటింట్లోకి తప్పుకుంది.

"సిగ్గుపడింది చాల్లే, చెప్పు. బొందు పొయ్యి సంచి మీద బిగుసుకుంటే గాలికి జాగా ఉండదు. ఒక పక్కకే ఉబ్బి ఊడొస్తాది."

"మీకెలా తెలుసు మాస్టరూ?"

ఆయన జుబ్బా మీద ఎడమ పక్క చేత్తో తట్టాడు. లోపల ఉబ్బిన సంచి మెత్తగా చప్పుడు చేసింది. "నీ దానికంటే నాది సీనియరు" అన్నాడు. ఇన్నేళ్ళు గోడ అవతలే ఉన్న మనిషి గురించి నాకు ఆ సంగతి తెలియదు. నేను నోరు తెరుచుకుని చూస్తుండగానే ఆయన సంచి బర్రుమంది. ఖాసింబీ నవ్వాపుకుంటూ తల తిప్పుకుంది. ఆయన మాత్రం తొణకలేదు. "దానికి నోరుంది, సిగ్గు లేదు. దానికి లేని సిగ్గు నేనెందుకు పడాల?" అన్నాడు.

ఖాసింబీ లోపలి గదిలో నాకు కొలతలు తీసుకుంది. ఆయన బయట గోడకేసి తిరిగి కూర్చుని "ఇంకా పైన, ఇంకా పైన పట్టుకో" అని అరుస్తూనే ఉన్నాడు. మర్నాడు వచ్చిన లంగాకు బొందు లేదు. సంచికి పైన, పొట్టను నొక్కకుండా పట్టుకునే వెడల్పాటి మెత్తని పట్టీ ఉంది. ఆపరేషను తర్వాత ఒళ్ళు నాదే అనిపించింది ఆ లంగా కట్టుకున్న రోజునే.

ఆఫీసులో మూల గది సంగతి ఆయన చెవిన పడ్డప్పుడు మాత్రం నన్ను కూడా పనివాళ్ళతో సమానంగా తిట్టాడు. "మూలన కూర్చుంటే నీ కడుపు నోరు మూసుకుంటాదా? ఆడా అరుస్తాది. ఆ అరిచేదేందో పిల్లకాయల ముందరే అరవనీ. నువ్వేం దొంగతనం చేసినావని దాక్కునేది?" ఎవరైనా ధైర్యం చెబితే నాకు ఏడుపొచ్చేది. ఆయన తిడితే కోపం వచ్చింది. ఆ కోపంలోనే బడికి వెళ్ళి చూస్తానని ఇంట్లో చెప్పాను. ప్రభుదాసుకు నచ్చలేదు. ఒక్కరోజు వెళ్ళి చూడు, కుదరకపోతే ఆఫీసుకు ఒప్పుకో అన్నాడు.

వెళ్ళవలసిన రోజు పొద్దున నేను ఏమీ తినలేదు. ముందురోజు సాయంత్రం నుంచీ మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. కడుపులో ఏమీ లేకపోతే చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందని నా లెక్క. బస్సుకు పోతుంటే మాస్టరు మిషనుకు నూనె వేస్తూ తలెత్తి చూశాడు.

"మొకం పీక్కుపోయిందేంది? ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదు మాస్టరూ. ఇవాళ్టికి కడుపు ఖాళీగా ఉంటే మంచిదని..."

ఆయన నూనె డబ్బా కింద పెట్టేశాడు. "ఆ తెలివి నీకంటే ముందు నేను చూపించినాలే. కూర్చో. ఏమే, ఈ పిల్లకు ఇడ్లీ పెట్టు!"

ఆ పూట ఇడ్లీ ముందు కూర్చోబెట్టి ఆయన చెప్పిందే నా బతుకును తిప్పింది. వాళ్ళ మతంలో నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ మొహమూ కడుక్కుంటారు. దాన్ని వజూ అంటారు. మధ్యలో గాలి పోతే వజూ పోయినట్టే, మళ్ళీ కడుక్కోవాలి. ఆపరేషనయ్యాక బిగబట్టుకునే వీలే లేదు గనక ఆయన మసీదుకు పోవడం మానేశాడు. ఒక శుక్రవారం మాత్రం ఉండబట్టలేక, గురువారమంతా పస్తుండి, ఖాళీ కడుపుతో వెళ్ళి నిలబడ్డాడు. "తిన్నరోజు కంటే రెండింతలు అరిచింది టీచరమ్మా. లోపల ఏమీ లేకపోతే పేగుకు గాలి తప్ప ఇంకేం పని? నమాజు మధ్యలో వరుస ఇడిసిపెట్టి, చెప్పులు కూడా ఏసుకోకుండా ఇంటికొచ్చినా. ఈమెను అడుగు, ఎట్ల ఏడ్చినానో." ఖాసింబీ నా పళ్ళెంలో ఇంకో ఇడ్లీ వేసింది.

తర్వాత మసీదులో నమాజు చదివించే హజ్రత్ ఆయన్ను వెతుక్కుంటూ దుకాణానికి వచ్చాడట. ఒంటి బాధ వల్ల ఆపుకోలేనివాళ్ళకు వేరే నియమం ఉందని చెప్పాడట. ప్రతి నమాజు వేళకూ కొత్తగా కడుక్కుని వచ్చి నిలబడితే చాలు, మధ్యలో దానంతటది వచ్చేదానికి తప్పు లేదని. నాకు ఆ శాస్త్రం తెలియదు, ఆయన చెప్పిందే చెబుతున్నాను. "దేవుడు ఒప్పుకున్నాడు. ఇంక ఒప్పుకోవాల్సింది పక్కనోడే" అన్నాడు మాస్టరు.

ఆ వచ్చే శుక్రవారం వేళకు తిని, సంచి శుభ్రం చేసుకుని, వజూ చేసుకుని వెళ్ళి మొదటి వరుసలో నిలబడ్డాడు. అందరూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడే చప్పుడు వచ్చింది. పక్కన నిలబడ్డ బియ్యం వ్యాపారి అర అడుగు అవతలికి జరిగాడు.

"మా వరుసలో సందు ఉండకూడదు టీచరమ్మా. భుజానికి భుజం తగలాల. ఆయన జరిగినాడు, నేనూ జరిగినా. మళ్ళా జరిగినాడు, మళ్ళా జరిగినా. నా ఇవతలోళ్ళు ఊరికే ఉంటారా, సందు రాకూడదు గదా, వాళ్ళూ నా ఎనకనే జరిగినారు. ఆకరికి ఆడ గోడొచ్చింది. యాడికి పోతాడు?" మిషను బల్ల మీద గుద్ది మరీ నవ్వాడు. ఆ తర్వాత ఈ కథ నాకు చాలాసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఆ గోడ ఇంకాస్త దూరం పోయేది.

"నోరు మూసుకొని నమలు. మాట్లాడతా తింటే గాలి మింగుతావు" అని నన్ను హెచ్చరించి, తను మాత్రం గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. కొంచెం కొంచెంగా, వేళ తప్పకుండా తినమన్నాడు. సోడా జోలికి పోవద్దన్నాడు. చిక్కుడుకాయ, క్యాబేజీ కొన్నాళ్ళు ఆపి, తర్వాత ఒక్కోటి తిని చూసుకోమన్నాడు. "అన్నీ ఒకేసారి మానుకుంటే మనిషివి గావు, వట్టి రోగివి. నీ కడుపు దేనికి అరుస్తాదో తిని తెలుసుకో" అన్నాడు. ఆరోజు బస్సు తప్పిపోయింది. ఆయనే మోపెడ్ మీద, రొయ్యల గుంటల మధ్య రోడ్డున, జుబ్బా గాలికి ఎగురుతుండగా నన్ను బడి గేటు దగ్గర దించి వెళ్ళాడు.

పద్యం రెండో పాదంలో ఉండగా కడుపు అరిచింది. పిల్లలు ముందు బిగుసుకుపోయారు, తర్వాత గొల్లుమన్నారు. తలుపు చాలా దగ్గరగా కనిపించింది. అప్పుడు ఆ మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. "దానికి నోరుంది, సిగ్గు లేదు" అన్నాను. పద్యం పక్కన పెట్టి బోర్డు మీద పేగు బొమ్మ గీసి, ఎక్కడ కోశారో, ఎక్కడ బయటికి తెచ్చారో చూపించాను. "నొప్పి పుడతాదా టీచర్?" అని ఒక పిల్ల అడిగింది. లేదన్నాను. గంట కొట్టేసరికి వాళ్ళకు ఆ సంగతి పాతబడిపోయింది. వెనకాల గ్యాసు టీచర్ అని పేరు పెట్టారు, పెట్టనీ. పిల్లలు పేరు పెట్టని టీచరు ఎవరున్నారు?

పిల్లలు నయం. స్టాఫ్ రూములో లెక్కల టీచరు నా పక్క నుంచి కుర్చీ తీసుకుని తలుపు దగ్గర వేసుకుంది. నేను గోడ కథ తలచుకున్నాను. నా కుర్చీ ఎత్తుకెళ్ళి ఆవిడ పక్కనే వేసుకుని అన్నం గిన్నె తెరిచాను. ఆవిడ కాసేపు నన్ను గుర్రుగా చూసింది, తర్వాత తన గిన్నెలోంచి చేపల పులుసు వడ్డించింది. ఆ సాయంత్రం ఆఫీసు మూల గది నాకొద్దని ప్రభుదాసుకు చెప్పేశాను. ఆ తర్వాత చుట్టాలు వచ్చినప్పుడు ఆయన టీవీ పెంచడం మానేశాడు.

మస్తాన్ మాస్టరు పోయినేడు గుండెపోటుతో పోయాడు. జుబ్బా కత్తిరిస్తూ కత్తిరిస్తూనే పక్కకు ఒరిగిపోయాడని ఖాసింబీ చెప్పింది. మసీదు పక్క ఖాళీ జాగాలో ఆయనకు ఆఖరి నమాజు చేశారు. ఆడవాళ్ళం మా మిద్దె మీద నిలబడి చూశాం. మొదటి వరుసలో ఆ బియ్యం వ్యాపారి ఉన్నాడు, బాగా ముసలివాడైపోయాడు. తన పక్కన కాస్త ఎడంగా నిలబడ్డ మనిషిని చెయ్యి పట్టుకుని లాగి తన భుజానికి ఆనించుకున్నాడు. అది చూసి నేను గొంతెత్తి ఏడ్చాను. మా నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఇప్పుడు చర్చికి వెళుతున్నాను. ప్రార్థన మధ్యలో నా కడుపు తన మాట తను చెప్పుకుంటుంది. చివర్లో అందరితోపాటు నేనూ ఆమేన్ అంటాను. నెమ్మదిగా నములుతాను, వేళకు తింటాను, లంగాకు ఖాసింబీయే పట్టీ కుట్టి ఇస్తోంది.

నిన్న పిల్లలు నవ్వి సర్దుకున్నాక, నేను నా కుర్చీ ఎత్తుకుని హాలు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, కుర్ర మాస్టరు పక్కన వేసుకున్నాను.

"ఈడ ఎండ పడతాది మేడమ్" అన్నాడు.

"పడనీ నాయనా" అన్నాను.

కాసేపటికి ఆయన మెల్లగా ఇంకాస్త జరిగాడు. నేనూ జరిగాను. ఆయనకు అవతల ఇక గోడే ఉంది.