తాత హెల్మెట్‌కి తెల్లరంగు

మా తాత విజయరత్నం ఇంజనీరింగ్ పాసై, 1984లో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట ఒక కాంట్రాక్టరు దగ్గర ట్రైనీగా చేరాడు. అక్కడ ఇంజనీర్లకి తెల్ల హెల్మెట్, ట్రైనీలకీ కూలీలకీ పసుపుది. కొడుకు పెద్ద ఇంజనీరైపోయాడని వాళ్లమ్మ అప్పలమ్మ అప్పటికే చర్చి అంతా చెప్పేసింది. ఇంక చేసేది లేక తాత తన హెల్మెట్‌కి కిటికీలకేసే తెల్లరంగు పూసుకున్నాడు.

మర్నాడు క్రేను ఒక ఇనప దూలాన్ని గాల్లోకి లేపింది. దాని కిందే ఇద్దరు మనుషులున్నారు. మేస్త్రి చలమయ్య అవతల స్తంభం దగ్గరున్నాడు. కూలీలకి తెల్ల హెల్మెట్ కనబడింది.

“సారూ, దించీమంటారా?”

తాత కాలేజీలో దూలాల లెక్కలు బోలెడు కట్టాడు గానీ, ఒక్క దూలాన్నీ దించలేదు. ఊఁ అంటే కిందున్నవాళ్లు ఏమైపోతారో. తెలీదంటే పరువు పోతుంది. చివరికి హెల్మెట్ పీకేశాడు. లోపలికి కారి ఆరని రంగుకి అంటుకుని గుప్పెడు జుట్టు కూడా ఊడొచ్చింది.

“నాను ట్రైనీని బాబూ! నాకేటీ తెల్దు. మేస్త్రిని పిలండి!”

చలమయ్య పరిగెత్తుకొచ్చి, కిందవాళ్లని తప్పించి దూలం దింపించాడు. తర్వాత తెల్లరంగంటిన తాత నెత్తికేసి చూసి, “ఏటి బావా, జుత్తు కూడా ఇంజనీరైపోనాదా?” అన్నాడు.

తెలీదని ఒప్పుకోడానికి మా తాతకి అంత చదువూ, అంత పెద్ద దూలమూ కావలసొచ్చాయి. నేనైతే పదో తరగతిలోనే, రెండుసార్లు, ఖాళీ కాగితమిచ్చి ఒప్పేసుకున్నాను. ఆ మాటంటే చాలు, నన్ను కొట్టడానికి తాత ఇప్పటికీ ఆ హెల్మెట్ కోసమే వెతుకుతాడు.