నేల తాకని స్టెప్నీ

మా ముత్తాత లింగారెడ్డి గారు పరిగి దగ్గరి దోమ వైపు కొన్ని ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత నర్సింహారెడ్డి గారి కాలంలో పటేలు, పట్వారీ మా కచేరీ అరుగు కింద నిలబడే మాట్లాడేవారు. మా నాయన గారి కాలంలో, 1948 తర్వాత, ఆ వతనులు, అంటే వంశపారంపర్యపు హక్కులు, రద్దయ్యాయి. మిగిలిన భూమి పంపకాల్లో, కోర్టుల్లో కరిగింది. నేను వికారాబాదు స్టేషన్ రోడ్డులో టైర్ల దుకాణం తెరిచాను. అది దిగజారడమని అన్నవారున్నారు. అయినా తాత గారు కచేరీలో ఎంత నిటారుగా కూర్చునేవారో, నేను దుకాణంలో అంతే నిటారుగా కూర్చున్నాను.

1957 వానాకాలంలో జరిగిన సంగతి ఇది. ఆ రోజుల్లో మా వైపు టైరును లోపలి గుడ్డ తేలేదాకా నడపడం ఆనవాయితీ. టైరు పైన గాళ్లు, అంటే సన్నని కాలువల్లాంటి చారలు, తీసిన దళసరి రబ్బరు పొరను ట్రెడ్ అంటారు. ఎండిన రోడ్డు మీద ఆ గాళ్లు లేకపోయినా బండి నడుస్తుంది. తడి రోడ్డు మీద నడవదు. చక్రం కింది నీరు పక్కలకు పోయేది ఆ గాళ్ల గుండానే. దారి లేకపోతే చక్రం నీటి మీద తేలి జారుతుంది. నా దగ్గర ఒక సన్నని ఇత్తడి పట్టీ ఉండేది. దాన్ని గాడిలో నిలబెట్టి లోతు చూసేవాణ్ణి. గాడి చాలావరకు అరిగిపోతే, గుడ్డ తేలకపోయినా, ఆ టైరు పని అయిపోయినట్టే అని చెప్పేవాణ్ణి. పదిమందిలో ఒకరు వినేవారు.

ఒక ముసురు పట్టిన ఉదయం పాత విలాయతి కారు ఒకటి వచ్చి దుకాణం ముందు ఆగింది. నల్లగా నిగనిగలాడుతోంది. డ్రైవర్ మహబూబ్ దిగి, చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"అనంతగిరి ఘాట్ల మలుపు కాడ బండి జారింది సాబ్. వెనక చక్రం లోయ అంచుకు పోయింది. అల్లా దయ. జర టైర్లు చూడుండ్రి."

వెనక సీటులోంచి గంభీరమైన గొంతు వినిపించింది. "లోయ లేదు, గీయ లేదు. వానికి భయమెక్కువ."

ఆమె తాండూరు వైపు ఒక ఊరి దొరసాని, రుక్మమ్మ గారు. భర్త పోయాక ఇల్లూ వ్యవసాయమూ తానే నడుపుతున్నారు. మర్పల్లి దగ్గర అత్తవారింట్లో ఉన్న కూతురు సుశీలకు తొలిచూలు, నెలలు నిండుతున్నాయి. పురుటికి తీసుకుపోవడానికి బయలుదేరారు. అదే కారులో, అదే ఘాటు మీదుగా, కూతురితో తిరిగి రావాలి.

నేను వంగి పట్టీ పెట్టాను. పెట్టడానికి గాడి ఉంటే కదా. వెనక రెండూ గుండు గీసినట్టున్నాయి. ముందువి కొంచెం నయం, అంతే.

"నాలుగూ మార్చాలె దొరసానీ," అన్నాను.

"గుడ్డ తేలిందా?"

"తేలలేదు."

"మరి ఎందుకు మారుస్తరు? కాల్చిన కత్తితోని గాట్లు కోస్తరంట గద, గట్ల కొయ్యి. కొత్తదానోలె కనబడాలె. మా వియ్యపురాలి కండ్లన్నీ మా కారు మీదనే ఉంటయ్."

నిజమే, అట్లా కోసే దుకాణాలు ఉండేవి. కాని గాడి లోతు కావాలంటే కింద రబ్బరు ఉండాలి. అరిగిన టైరును కోస్తే కత్తి గుడ్డకు తగులుతుంది. చూపుకు కొత్తదవుతుంది, లోపల తెగుతుంది. నేను కోయనని చెప్పాను.

ఆమె అద్దం దించి నన్ను ఎగాదిగా చూశారు. "నువ్వు నర్సింహారెడ్డి దొర మనుమనివి గాదు? ఆయన మా ఇంట్ల పెండ్లికి ఏనుగెక్కి వచ్చిండని మా అత్త చెప్తుండె. నువ్వు టైర్లకు గాలి కొడుతున్నవా?"

"గాలి కొడ్తనమ్మా. పంచరు గూడ ఏస్త. అరిగిన టైరుకు గాట్లు మాత్రం కొయ్య."

మహబూబ్ నేల చూస్తూ నవ్వు ఆపుకున్నాడు. దొరసానికి కోపం వచ్చింది గాని, పట్టు పట్టలేదు. "సరే తియ్. పక్కన కొత్త టైరున్నది గద. గది ఎక్కియ్యి. మా దొర కారు కొన్ననాటిది, ఒక్కనాడు నేల తాకలె."

ఆ కాలపు కార్లకు అదనపు చక్రాన్ని, అంటే స్టెప్నీని, ముందు తలుపు పక్కన అందరికీ కనబడేట్టు బిగించేవారు. ఈ ఇంటివారు ఉన్న ఒక్క మంచి టైరును అక్కడ ఉంచి, అరిగిన వాటి మీద తిరిగారు. ప్రతి దసరాకు దానికి పసుపు, కుంకుమ పెట్టేవారట. నూనె రాసి మెరుగు పెట్టేవారట. మా ఇళ్లలో మంచి వస్తువును వాడకపోవడమే దానికిచ్చే మర్యాద.

దించాము. పట్టీ గాడిలో నిండా దిగింది. లోతు ప్రకారం అది కొత్త టైరే. చెప్పొద్దూ, ఒక చక్రమైనా నిలుస్తుందని ఆ క్షణం నాకు కూడా ఊరట కలిగింది. తర్వాత రెండు చేతులతో పట్టుకుని సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, వంచి చూశాను. అంతటా సన్నని చీలికలు విచ్చుకున్నాయి. ఎండకు, నూనెకు, ఏళ్లకు రబ్బరు చచ్చిపోయింది.

దాన్ని దొర్లించుకుంటూ ఆమె తలుపు దగ్గరికి తీసుకుపోయి మళ్లీ వంచాను. రుక్మమ్మ గారు కొంగు సర్దుకుని దిగి, వంగి, బొటనవేలితో ఒత్తి చూశారు.

"గిదేంది? ఎండకాలం రేగడి లెక్క నెర్రెలిచ్చింది!"

"గాలి నింపి ఎక్కిస్తే ఘాటు ఎక్కనే ఎక్కదమ్మా, పగులుతది. ఈ సైజు టైర్లు ఇప్పుడు హైదరాబాదుల గూడ దొరుకుడు కష్టం."

ఆమె దుకాణంలోని కుర్చీలో కూర్చున్నారు. బయట వాన పెరిగింది. స్టేషన్‌లో బండి కూత వినిపించింది. అటు చూసి అడిగారు: "నీ ఇంటి ఆడపిల్లయితే ఎట్ల తోల్కపోతవు?"

"మా చెల్లెను రైల్లనే తోల్కొచ్చిన."

"నలుగురు చూడలేదా?"

"చూసిన్రు. నేను గూడ వాళ్లను చూసిన."

ఆమె పెదవి కొద్దిగా కదిలింది. "ఆడోళ్లకు జనానా డబ్బా ఉంటదా?" అన్నారు.

కారు మా దుకాణం వెనక ఉంచి, ఆమె, మహబూబ్ మర్పల్లి రైలెక్కారు. మర్నాడు కూతురితో దిగి, తాండూరు బండి కోసం వికారాబాదు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. నేను పోయి సామాను ఎక్కించాను. సుశీల డబ్బా తలుపులో నిలబడి, కడుపు పట్టుకుని, ఆయాసపడుతూనే నవ్వుతోంది.

"అన్నా, మా అత్త కారేదని అడిగింది. మా అమ్మ ఏమన్నదో తెల్సా? టైర్లు అరిగినయ్, వాటికన్న నా బిడ్డ పానం అగ్గువ గాదు అన్నది. మా అత్త మల్ల నోరు తెరవలే!"

"బండి కదుల్తది, కూసో," అని గద్దించారు రుక్మమ్మ గారు. ఎక్కేముందు నా వైపు తిరిగి, "నీ దుకాణం మంచిగనే ఉన్నది," అన్నారు. అంతకన్నా పెద్ద మెప్పు ఆమె ఎవరికీ ఇచ్చి ఉండరు.

అదే వానాకాలంలో సుశీలకు ఆడపిల్ల పుట్టిందని, తల్లీ పిల్లా క్షేమమని మహబూబ్ వచ్చి చెప్పాడు. బెల్లం తెచ్చాడు.

అప్పటిదాకా నేను ట్రెడ్ లోతు చూసి టైరు ఆయువు చెప్పేవాణ్ణి. ఆ రోజు తర్వాత ముందు సైడ్‌వాల్ వంచి చూడడం, ఎన్నేళ్లదని అడగడం, ఆ తర్వాతే గాడిలో పట్టీ పెట్టడం అలవాటైంది. ఇంకొకటి కూడా అడగడం మొదలుపెట్టాను: ఏ దారిన పోతారు, వెనక సీటులో ఎవరుంటారు? గుడ్డ తేలేదాకా ఆగుతామనేవారు ఆ ప్రశ్నకు జవాబు చెబుతూ చెబుతూ తామే కొత్త టైరు అడిగేవారు.

రుక్మమ్మ గారి కారు మళ్లీ ఘాటు ఎక్కలేదు. దసరా పోయాక మా దుకాణం వెనకనుంచే అమ్ముడుపోయింది. ఇంజను పరిగి రైతు ఒకతను బావి మీద నీళ్లు తోడడానికి కొన్నాడు. ముందు చక్రాలు రెండూ ఎడ్లబండికి పోయాయి. మిగిలినది, ఆ స్టెప్నీతో సహా, తూకానికి ఇచ్చారు.