రిమోట్ పట్టుకుని ఊరికే కూర్చున్న బాపు

మొన్న మా అమ్మాయి తన ఫోన్ నా ముందు పెట్టి, ఎక్కడి కుర్రాళ్లో ఒక పాత దయ్యాల వీడియో గేమును గంటసేపు మెచ్చుకుంటుంటే చూడమంది. తెర మీద పొగమంచు, ఖాళీ ఆసుపత్రి, లాంతరు పట్టుకుని కుంటుతూ నడిచే ఆడమనిషి కనబడగానే ఫోన్ చేతిలోకి లాక్కున్నాను. పాతబస్తీ హుస్సేనీ ఆలంలోని మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఆ మనిషిని నేను నెలల తరబడి నడిపించాను.

అప్పటికి అమ్మ పోయి ఏడాది కాలేదు. డిగ్రీ మధ్యలో వదిలేసి, ఆమె వాడకట్టుకంతా పాలు పోసిన ముందుగదిలోనే రెండు టీవీలు పెట్టి గేముల దుకాణం తెరిచాను. నేను బాపు అని పిలిచే మా నాన్నకూ నాకూ మాటల్లేవు. తప్పు నాదే. అమ్మ దవాఖానాలో ఉన్న పది రోజులూ ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడే తప్ప డాక్టర్లతో కొట్లాడలేదని, ఇంకో దవాఖానాకు మార్చలేదని నాకు కడుపుమంట. దినాలనాడు చుట్టాలందరి ముందూ, ఊకె కూసున్నవ్ బాపూ అనేశాను. ఆ రోజు నుంచి ఆయన ఫ్యాక్టరీకి పోయినా, వచ్చినా వెనక గల్లీ తలుపు నుంచే.

ఆ గేము సీడీ వేరే సీడీలతో కలిసి వచ్చింది. మీద ఏ దేశపు లిపో. పొగమంచు చూసి సీడీ పాడైందనుకుని పాత బనియనుతో తుడిచాను, టీవీ వెలుతురు మొత్తం పెంచాను, చివరికి మెకానిక్‌ను కూడా పిలిపించాను. అది పాడవడం కాదని, ఆ గేములోని ఊరే అలాంటిదని తెలియడానికి వారం పట్టింది. ఆ లాంతరు మనిషి ఒక్క తలుపు తీసేలోగా మనం చాయ్ తాగి రావచ్చు. వచ్చినవాళ్లు కాసేపు ఆడి, "నక్కో భాయ్, దుస్రా లగావ్" ఇది వద్దు, ఇంకోటి పెట్టు అని రిమోట్, అదే జాయ్‌స్టిక్, పడేసేవాళ్లు. నాకు మాత్రం అది నచ్చింది. ఎవరినీ చంపమనదు, తొందరపెట్టదు, ఆ రోజుల్లో నా మనసు కూడా అంత మెల్లగానే నడిచేది. చిక్కల్లా మెట్ల దగ్గరి దయ్యంతోనే. డబ్బు కట్టిన గంట అయిపోతుందన్న ఆత్రంలో వేలు ఖాళీగా ఉంచని అలవాటు మా దుకాణంలో అందరిదీ, రిమోట్ విరిగేలా అన్ని మీటలూ నొక్కేవాళ్లం, అయినా ఆ దయ్యం మా మనిషిని పట్టుకునేది, ఆట అయిపోయేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం వెనక గల్లీలో మురుగునీళ్ల మోరీ పొంగి, బాపు తప్పనిసరై ముందుగదిలోంచి వచ్చాడు. దుకాణంలో ఎవరూ లేరు. తడిసిన మనిషిని చూసి చాయ్ పెడదామని లేచి, ఏమనాలో తోచక నేను ఆడుతున్న ఆ గేము రిమోట్ ఆయన చేతిలో పెట్టాను. రెండు గ్లాసులతో తిరిగొచ్చేసరికి ఆ దయ్యం తెర మీద మా మనిషి ఎదురుగా నిలబడి ఉంది. బాపు రిమోట్‌ను పిట్టపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు, ఒక్క మీటా నొక్కలేదు. దయ్యం చాలాసేపు చూసి, తల తిప్పుకుని వెళ్లిపోయింది.

ఏం చేశావని అడిగాను.

"నాకేం ఎరుక బిడ్డా. ఏం జెయ్యాల్నో తెల్వక కూసున్న." టీవీ వైపే చూస్తూ అన్నాడు, "దవాఖానల మీ అమ్మనే చెప్పింది. యాడికి పోకు, నా పక్కన కూసో అన్నది. గందుకే కూసున్న."

నేను ఆయన పక్కన కూలబడి ఏడ్చాను. ఆయన లేచిపోలేదు. మర్నాటి నుంచి ముందు తలుపు నుంచే వచ్చేవాడు.

ఇప్పుడు ఆ గదిలో ఎవరో ఫోన్లు బాగుచేస్తున్నారు. బాపు లేడు. దయ్యం ముందు కదలకుండా ఉండాలని వీడియోలోని కుర్రాళ్లు ముందే చెప్పేశారు కాబట్టి ఇప్పటి పిల్లలకు నెలల తరబడి ఓడిపోయే అవసరం లేదు, మంచిదే. మేము మాత్రం దుకాణంలో పక్కపక్కన కూర్చుని ఓడిపోయేవాళ్లం. మా అమ్మాయి ఫోన్‌లో ఎన్నో గేములున్నాయి, అన్నీ ఒక్కతే ఆడుకుంటుంది. ఆ గేము చేసినవాళ్లెవరో, వాళ్ల భాష నాకు రాదు, ఎదురుపడితే చేతులెత్తి దండం పెడతాను.

వీడియో అయిపోయాక కూడా నేను లేవకపోయేసరికి, ఏమైంది నాన్నా అంటూ మా అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. ఏం లేదమ్మా, ఊరికే కూర్చున్నాను అన్నాను.