గుమ్మం దగ్గర అనకూడని మాట

దయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. కళ్ళ ముందు మళ్ళీ జరిగితే తప్ప ఏదీ ఒప్పుకోను. ఇది మాత్రం ఒక్కసారే జరిగింది.

అమెరికాలో ఐసెలిన్ ఊరి దగ్గర మేముంటున్న పాత ఇల్లు మార్గరెట్ అనే పెద్దావిడ దగ్గర కొన్నాం. తాళాలు ఇచ్చేసి, వీధి తలుపుని ఒకసారి నిమిరి, వెళ్తున్నానని ఇంగ్లీషులో చెప్పింది. మా అమ్మ ఊరుకుంటుందా? "వెళ్తున్నా, నో నో! వెళ్ళొస్తా అనాలి" అని అక్కడికక్కడే పాఠం మొదలుపెట్టింది. ఆవిడ రెండు మాటలూ పలికి చూసి, "వెల్లొస్టా" అని నవ్వుతూ అమ్మను కావలించుకుని వెళ్ళింది.

కొన్నాళ్ళకే పోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. అమ్మ రెండు రోజులు సరిగా తినలేదు. మా ఆయన మాత్రం, "అత్తయ్యా, వస్తానని ఆవిడ చేత మీరే ప్రామిస్ చేయించారు. ఇక చూసుకోండి" అని ఏడిపించేవాడు.

మా మిన్ను ఆ తర్వాతే పుట్టింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కడం కష్టమైపోయింది. అందుకని నిరుడు వంటగది వెనక ఆమెకో గది కట్టించడం మొదలుపెట్టాం.

ఒక ఉదయం పనివాళ్ళు వెనక గోడ బయటినుంచి కొడుతున్నారు. వంటగదికి ఏం కాదని కాంట్రాక్టర్ చెప్పాడు. మిన్ను అక్కడే టేబుల్ దగ్గర బొమ్మలు వేసుకుంటోంది. నేను, అమ్మ పక్క గదిలో బట్టలు మడతపెడుతున్నాం.

ఉన్నట్టుండి ఇల్లంతా అదిరింది. పరుగెత్తి చూస్తే వంటగది సీలింగ్ పెచ్చులు పెచ్చులుగా ఊడి టేబుల్ మీద పడి ఉంది. మిన్ను కుర్చీ కనబడలేదు. దాన్ని పిలుస్తూ ఇల్లంతా వెతికాను.

మిన్ను వీధి గుమ్మంలో ఉంది. తలుపు బార్లా తెరిచి, ఖాళీ రోడ్డుకి చెయ్యి ఊపుతోంది.

దాన్ని గుండెకి హత్తుకుని, ఎవరికే టాటా అని అడిగాను.

"వైట్ హెయిర్ గ్రాండ్‌మాకి. బై చెప్పడానికి రా అంది. షీ నోస్ తెలుగు, మమ్మీ! 'వెల్టున్నా' అంది."

మా పిల్లదీ అమెరికన్ యాసే కాబట్టి ఆ పలుకుని సాక్ష్యంగా చూపించను. కానీ ఆ తలుపు పై గొళ్ళెం దానికి అందదు. గుమ్మం కెమెరాలో మిన్ను ఒక్కతే ఉంది, తలెత్తి ఎవరితోనో మాట్లాడుతూ. పైగా అమ్మ భయానికి మా ఇంట్లో గుమ్మం దగ్గర ఆ మాట ఎవరూ అనరు.

ఇప్పుడు అమ్మ తన కొత్త గదిలో హాయిగా ఉంటోంది. ఆ రోజు ఏం జరిగిందో నాకు ఈనాటికీ తెలియదు, తెలిసినట్టు నటించలేను కూడా.

అమ్మ మాత్రం ఆ రోజే, గుమ్మంలో మిన్ను తల నిమురుతూ, ఖాళీ రోడ్డు వైపు చూసి, కళ్ళనీళ్ళతో కోప్పడింది.

"అలా అనకూడదని చెప్పానుగా, మార్గరెట్!"