సర్వే ఆయనకు దారి

కెనడాలోని గ్వెల్ఫ్‌లో మాతో ఒకే ఇంట్లో ఉన్న అక్కది భద్రాచలం వైపు. భయం వేస్తే స్వెటర్ చేతుల అంచులు పిడికిట్లో బిగించి పట్టుకునేది. ఒకసారి మా ఇద్దరి క్లాసులో చర్చ పెట్టారు. ఈ దేశాన్ని కనిపెట్టాడని పేరున్న ఒక నావికుడి విగ్రహం ఉంచాలా, తీసేయాలా అని. ఆయన వెనకే వచ్చినవాళ్లు ఆదివాసుల భూములు లాక్కున్నారు. అయినా విగ్రహం ఉంచాలని వాదించడం మా ఇద్దరి వంతు. ఫెయిలైతే ఇక్కడ చదువుకోవడానికిచ్చిన స్టడీ పర్మిట్‌కే ముప్పని నాకు ఒకటే గుబులు.

అక్క పిడికిళ్లు బిగించి లేచింది. "ఆయన ధైర్యవంతుడే" అని ఆగిపోయింది. తర్వాత వేరే మాట ఎత్తుకుంది.

"మేం కోయవాళ్లం. డ్యామ్ సర్వేకు వచ్చినాయనకు అడవిలో దారి చూపింది మా తాతే. తర్వాత మా ఊరు మునిగిపోయింది."

అక్క కోయవాళ్ల అమ్మాయని నాకు అప్పుడే తెలిసింది.

"ఇంతకీ నువ్వు ఏ పక్షం?" అంది మేడం.

"తెలియట్లేదు మేడం."

తర్వాత ఎలాగో గట్టెక్కాం గానీ, ఆ సాయంత్రం బస్టాపులో దిగులుగా నిలబడ్డాం. "మీ తాతకు ఆయన మీద కోపం రాలేదా అక్కా?" అని అడిగాను.

"లేదురా. మంచోడు, మనింట్ల జావ తాగిండు అని చచ్చేదాకా చెప్పేటోడు." బస్సు వచ్చే వైపు చూస్తూ మళ్లీ అంది: "మంచోడైతే మాత్రం ఏంది? మా ఊరు నీళ్లల్లనే ఉంది."