నలభై ఒక్క అంటేలు

మొన్న విజయనగరంలో ఒక శిక్షణ తరగతికి నన్ను పిలిచినప్పుడు ఆ గదిలో ఉన్నవి ఇవి: ప్లాస్టిక్ కుర్చీలు పద్దెనిమిది, వాటిలో కూర్చున్న కుర్రకారు పన్నెండు మంది, గోడకు ఒక ఫ్లెక్సీ, గుప్పిట్లో ఇమిడే మైకు ఒకటి, నేర్పే మేష్టారు ఒకరు, బల్ల మీద చిన్న గంట ఒకటి, గంట పక్కన కాగితం పెన్సిలు పట్టుకుని కూర్చున్న అమ్మాయి ఒకర్తి. నలుగురిలో బెదరకుండా మాట్లాడటం అక్కడ ఆరు వారాల్లో నేర్పుతారట. మా తమ్ముడి మనవడు అందులో చేరి, మా తాత కరెంటు శాఖలో ఉన్న రోజుల్లో సభలను కూర్చోబెట్టి మాట్లాడేవాడని మేష్టారికి చెప్పేశాడు. అందుకని నాకు ఒక శాలువా, ముందు వరసలో ఒక కుర్చీ.

ఒక కుర్రవాడు లేచి మాట్లాడుతున్నాడు. మాట తట్టని చోటల్లా అతను ‘అంటే’ అనడం, అన్నప్పుడల్లా ఆ అమ్మాయి కాగితం మీద ఒక గీత గీయడం, నాలుగు నిలువు గీతలయ్యాక అయిదోది అడ్డంగా కొట్టడం చూశాను. అతను ముగించాక ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అతని చేతిలో పెట్టింది. అతను విప్పి చూసుకుని, తనలో తను నవ్వుకుని, జేబులో వేసుకున్నాడు. ఎన్ని గీతలో మాకెవరికీ తెలియలేదు. నా గీతలు ఒకరు లెక్కపెట్టి యాభై ఏళ్లు దాటినా నా చెవులు వేడెక్కాయి.

అరవై ఏడులో నేను పాలిటెక్నిక్ ముగించి కరెంటు శాఖలో సూపర్వైజరుగా గజపతినగరంలో చేరాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. లైను గీయమంటే గీసేవాణ్ణి, స్తంభానికి స్తంభానికి మధ్య తీగ ఎంత వాలాలో కాగితం లేకుండా చెప్పేవాణ్ణి, స్టోరులో ఏ ఇన్సులేటర్లు ఎన్నున్నాయో రోజూ రాసుకునేవాణ్ణి. నోరు తెరిచి నలుగురికి చెప్పమంటే మాత్రం నాలుక పిడచగట్టుకు పోయేది. చేరిన ఆరు నెలలకే, గజపతినగరానికి ఎడ్లబండి మీద రెండు గంటల దూరంలో ఉన్న మా అమ్మ పుట్టిన ఊరికి కరెంటు ఇచ్చే పని నా చేతికి వచ్చింది. మేనమామ ఊరికి వెలుగు తెచ్చే భాగ్యం ఎందరికి దక్కుతుంది చెప్పండి. ఆ నాలుగు నెలలూ నేను జీతం కోసం పనిచేశానని అనుకోను.

లైను వేశాక ఊరివాళ్లు కళ్లంలో తాటాకు పందిరి వేసి సభ పెట్టారు. గజపతినగరం నుంచి బ్యాటరీ మైకు తెప్పించారు. మా మావయ్య స్వయంగా బండి కట్టుకొచ్చి అమ్మను తీసుకెళ్లాడు. మా ఇంజనీరు గారు వచ్చారు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్లు, గొప్ప మాటకారి. ఆయన మాట్లాడారు, వచ్చే ఉగాదిలోపు ఊరికి రెండో ట్రాన్స్‌ఫార్మరు వేయించి, దరఖాస్తు పెట్టిన పద్నాలుగు నూతులకూ మోటార్లు తిప్పిస్తానని మాటిచ్చారు. చప్పట్లు ఆగాక, ముందు ఒక్క మాటైనా చెప్పకుండా, ఇప్పుడు మా సూపర్వైజరు జాగ్రత్తలు చెబుతాడని మైకు నా ముందుకు తోశారు.

చెప్పవలసినవి మూడే మూడు: స్తంభాన్ని లాగిపట్టే తీగకు పశువుల్ని కట్టకండి, తడి చేతులతో స్టార్టరు ముట్టుకోకండి, తీగ తెగి పడితే దగ్గరికి పోకుండా నాకు కబురు పెట్టండి. ఈ మూడూ చెప్పడానికి నాకు ఎనిమిది నిమిషాలు పట్టింది. రుమాలుతో మొహం తుడుచుకుని కూర్చున్నాను. మా ఇంజనీరు గారు మళ్లీ లేచారు. చేతిలో ఆ సభకు పంచిన కరపత్రం, దాని వెనక పెన్సిలు గీతలు.

“మనవాడు ఎనిమిది నిమిషాల్లో నలభై ఒక్క సార్లు ‘అంటే’ అన్నాడు. నేను లెక్కపెట్టాను. కరెంటు కంటే ముందు ఇతనికి మాట ఇవ్వాలి,” అన్నారు, మైకులో.

కళ్లమంతా నవ్వింది. మా మావయ్య నవ్వాడు. మా లైనుమన్లు మొహం పక్కకు తిప్పుకుని నవ్వారు. అన్నిటికంటే నన్ను కోసింది ఏమిటంటే, ఆడవాళ్ల వైపు చూస్తే అమ్మ కూడా నవ్వుతూంది. ఆమెకు ఏమీ అర్థమై కాదు; పక్కవాళ్లు నవ్వుతున్నారు కదా అని నవ్వింది. నేను చూశానని తెలిసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ రోజు నుంచి ఆ ఊళ్లో నా పేరు పోయింది. నేను సైకిలు దిగితే పిల్లలు ‘అంటే బాబొచ్చాడు’ అని కేకలేసుకుంటూ వీధి చివరి దాకా పరుగెత్తేవారు. ఫ్యూజు పోతే అంటే బాబుకు కబురెట్టమనేవారు. ఉగాది వచ్చి వెళ్లింది, రెండో ట్రాన్స్‌ఫార్మరు రాలేదు. ఎప్పుడొస్తుందని అడిగి, నేను జవాబు మొదలుపెట్టేలోపే వాళ్లే ‘అంటే...’ అని అందించి నవ్వేవారు. మా మావయ్య ఒకసారి అరుగు మీద కూర్చోబెట్టి, “ఏటనుకోకురా అల్లుడా, పెళ్లి సంబంధానికి నీ పేరు సెప్తే ఆల్లకి తెలీలేదు. అంటే బాబంటే తెలిసినాది,” అన్నాడు. జాలిపడే అన్నాడు, అదే మరీ ఘోరం.

నాకు అప్పుడు కావలసింది మంచి వక్తను కావడం కాదు. ఆ మనిషిని అదే కళ్లంలో, అదే మైకు ముందు, అదే జనం ఎదుట కూర్చోబెట్టాలి. నా ఫీల్డు బుక్కు చివరి పేజీలో ఆయన పేరు రాసి, కింద 41 అని రాసుకున్నాను.

రాజాం దగ్గర లైను సర్వేకు పోయినప్పుడు నాకు గురువు దొరికాడు. జముకుల కథ చెప్పే ముసలాయన. ఆయన ఇంటి ముందే మా స్తంభం పడాల్సి వచ్చింది. అక్కడ వద్దని తగువుకు వచ్చి, నేను జవాబు చెప్పలేక నీళ్లు నములుతుంటే, తగువు మానేసి నన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ కథలు మన తరం వాళ్లు చూసే ఉంటారు: కథకుడు గజ్జెలతో అడుగేసి చెబుతాడు, పక్కన వంత ఊ కొడతాడు, మాట ఆగిన చోట వెనక జముకు తీగ జుమ్మంటుంది. స్తంభాన్ని పది గజాలు పక్కకు జరిపాను. దానికి బదులుగా ఆయన పదకొండు ఆదివారాలు పొద్దున పూట నాకు పాఠం చెప్పాడు.

నా నలభై ఒక్క అంటేల కథ విని ఆయన నవ్వలేదు. “మాట తెగిపోయిన కాడ మాకు జముకు మోగతాది. నీకు జముకు లేదు గదా బాబూ, ఆ కాడ నోరు మూసుకో. ఖాళీగా ఉంటే ఉండనీ. జనం ఆ ఖాళీలోకి ఆలే వస్తారు,” అన్నాడు. ఇంకో ఆదివారం అసలు రోగం పట్టుకున్నాడు. “నీకు వంత లేడు. ఒంటెద్దు బండి లాగతన్నావు. ఊరందరికీ సెప్పకు. ఒకణ్ణి ఎంచుకో, ఆడి మొకం సూసి సెప్పు. ముందు ఆడు కాదనలేనివి అడుగు. నాలుగుపాల్లు ఊ కొట్టినోడు అయిదోపాలి ఆపలేడు. ఆడు ఊ అంటే ఊరు ఊ అన్నట్టే.”

అది విన్న క్షణాన నా వంత ఎవరో నాకు తెలిసిపోయింది. ముసలాయనకు చెప్పలేదు.

రెండేళ్లలో ఇరవై ఆరు సభల్లో మాట్లాడాను, ఎక్కడ ఏ చిన్న సమావేశం పెట్టినా నేనే అడిగి మరీ. ప్రతిసారీ ఒక లైనుమన్ వెనక నిలబడి నా అంటేలు లెక్కపెట్టేవాడు. నేను గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టుకునేవాణ్ణి. ఇరవై తొమ్మిది, ముప్ఫై రెండు, పద్దెనిమిది, తొమ్మిది. పందొమ్మిదో సభలో గీత అడుగుకు తగిలింది. ఆ తర్వాత లేవలేదు.

డెబ్భైలో ఇంజనీరు గారు మళ్లీ ఆ ఊరు వచ్చారు, కొత్త మోటార్ల దరఖాస్తులు తీసుకోవడానికి. వందన సమర్పణ నాకు పడింది. మావయ్య బండి వచ్చింది. అమ్మ కొత్త చీర కట్టుకుని గడప దాకా వచ్చి, అక్కడే కూలబడింది. “నాను రాన్రా. ఆల్లు నవ్వితే నాకూ నవ్వొచ్చేస్తాది. ఆపాలి అలాగే ఐపోనాది,” అంది. రమ్మని ఒక్క మాట అని ఉంటే వచ్చేదేమో. నా తల నిండా ఆ రోజు చేయవలసిన పని ఉంది. సరేలెమ్మని బండెక్కాను.

కళ్లంలో లేచి నిలబడి, ముందుగా ఏమీ మాట్లాడకుండా, పది లెక్కపెట్టాను. జనం సద్దుమణిగారు. ఎవరో పిల్లవాడు ‘అంటే’ అన్నాడు, ఒకరిద్దరు నవ్వారు, నేను ఆ నవ్వును కూడా ముగియనిచ్చాను. అప్పుడు ఇంజనీరు గారి వైపు తిరిగి, చేతులు జోడించి, రెండేళ్ల కిందట మన ఊరికి కరెంటు తెచ్చింది తమరే కదండీ అన్నాను. ఆయన చిరునవ్వుతో అవునన్నారు. ఈ పందిరి కిందే కూర్చున్నారు కదా అంటే అవునన్నారు. ఊరివాళ్లు మెడలో బంతిపూల దండ వేశారు కదా అంటే, అవును. తమరు మాట ఇస్తే తప్పే మనిషి కారని జిల్లా అంతా అనుకుంటుంది కదా అంటే, ఆయన కుర్చీలో కాస్త సర్దుకుని, ఉబ్బిపోయి, అవునన్నారు.

ముసలాయన చెప్పిన నాలుగూ అయిపోయాయి.

ఆ దండ వేసుకునే రెండో ట్రాన్స్‌ఫార్మరు ఇస్తామన్నారు కదండీ? అవును, అన్నారు, గొంతు తగ్గింది. ఉగాదిలోపు అన్నారు కదా? అవును. ఆ ఉగాది వెళ్లింది, ఇంకో ఉగాదీ వెళ్లింది కదా? ఆయన ప్రెసిడెంటు గారి వైపు చూశారు. ప్రెసిడెంటు గారు ఆయన వైపే చూస్తున్నారు. నేను ఖాళీ వదిలాను. ఆ ఖాళీలోంచి అవును వచ్చింది. పద్నాలుగు నూతుల మీద పద్నాలుగు కుటుంబాలు ఎదురు చూస్తున్నాయి కదా అనేసరికి ఆయనతోపాటు వెనక వరసలు కూడా అవునన్నాయి. ఆ తర్వాత ఊరంతా నాకు వంత. ఆఖరిదానికి ఆయన పెదవులు కదిలాయి గానీ మాట వినబడలేదు. అయినా లెక్కలో వేసుకున్నాను. మొత్తం పదకొండు అవునులు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే మాట్లాడాను. నా అంటేలు, సున్న. అది కూడా మైకులో చెప్పి, సెలవు తీసుకుని కూర్చున్నాను.

ఈసారి కళ్లం నా కోసం నవ్వింది. ఆయన జీపెక్కుతుంటే పిల్లలు ‘అవును బాబు’ అని వెంటపడ్డారు. పందొమ్మిదో రోజున లారీ మీద ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. ఇరవై ఆరో రోజున నాకు కొత్తవలస బదిలీ వచ్చింది. ఆ కాగితం మీద ఆయన సంతకం చూసి నాకు కలిగిన ఆనందం, నిజం చెప్పొద్దూ, నా మొదటి ఉద్యోగం కాగితం చూసినప్పుడు కూడా కలగలేదు.

సభ జరిగిన సాయంత్రమే మావయ్య వచ్చి, అడుగులు కూడా వేసి చూపిస్తూ, జరిగిందంతా అమ్మకు చెప్పాడు. ఆమె అంతా విని, నవ్వకుండా, ఒకటే అడిగింది: “ఆ బాబుకి తల్లుందేటి?”

నాకు ఒళ్లు మండింది. ఆ నవ్వు కోసమే కదా రెండేళ్లు గ్రాఫు గీశాను. ఆ ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ కొంత మండుతుంది. తర్వాత చాలా ఏళ్లకు ఆయన పోయారని తెలిసింది. పక్క ఊళ్లోనే ఉండి కూడా వెళ్లలేదు. పశ్చాత్తాపం వస్తుందేమోనని ఎదురు చూశాను. రాలేదు.

శిక్షణ తరగతిలో నన్ను మాట్లాడమంటే ఖాళీ గురించి, వంత గురించి చెప్పాను, ఇంజనీరు గారి సంగతి చెప్పలేదు. ఇప్పుడు తప్పుల లెక్క మడతపెట్టి చేతిలో పెడుతున్నారు, మంచిదే. ఆ రోజు ఆయన కూడా కరపత్రం మడిచి నా జేబులో పెట్టి ఉంటే నేను ఈ మాటలన్నీ నేర్చేవాణ్ణే కాదేమో, అమ్మ గడప దగ్గర కూలబడేదీ కాదేమో. ఊ కొట్టే ఊళ్లు ఇప్పుడు లేవు. ఆ గదిలో నేను ఖాళీ వదిలితే పిల్లలు మైకు పాడైందనుకుని తీగ వైపు చూశారు.

కొత్తవలసలో మా క్వార్టర్సు పక్క మైదానంలోనే సభలు జరిగేవి. అమ్మ కిటికీ మూసుకుని లోపలే కూర్చునేది. ఫీల్డు బుక్కుల ప్రకారం, రిటైరయ్యేనాటికి నేను మాట్లాడిన సభలు మూడు వందల పన్నెండు. అమ్మ విన్నది ఒకటి.